ఐపీ పెట్టేది బాకీదారుడొక్కడేనా?

మన నేతవాడల్లో "ఐపీ పెట్టేశాడు" అనే మాట వినని ఇల్లుండదు. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్ అని విప్పి చెప్పలేకపోయినా, ఆ మాట చెవిన పడగానే మనవాళ్ళు చేసే పని ఒక్కటే. నెత్తిన చెయ్యి పెట్టుకుని అరుగు మీద కూర్చుంటారు. తమిళనాడులో మా చుట్టుపక్కల దీన్ని "మంజ కడుదాసి" అంటారు, పసుపు కాగితం అని. మరాఠీవాళ్ళు నాదారీ అంటారు. మాట ఏదైనా అందరి మనసులోనూ అర్థం ఒకటే: పెద్దమనిషి కోర్టు చాటున దాక్కున్నాడు, మన డబ్బు గంగలో కలిసింది.

మేమూ చాలా ఏళ్ళు అట్లాగే అనుకున్నాం. మేము చట్టం చదివినవాళ్ళం కాదు, సంఘం లెక్కల పుస్తకం రాసినవాళ్ళం. ఆ పుస్తకంలో రాని బాకీ ఒకటి మమ్మల్ని కోర్టు మెట్లెక్కించింది కాబట్టి ఈ నాలుగు ముక్కలు తెలిశాయి. అందులో మొదటిది ఇది: ఐపీ బాకీదారుడు పెట్టుకోవచ్చు, అతనికి అప్పిచ్చినవాళ్ళు కూడా అతని మీద పెట్టొచ్చు. అసలు చరిత్ర చూస్తే ఈ చట్టం పుట్టిందే అప్పులవాళ్ళ కోసం. ఇంగ్లండులో 1542లో మొదటి దివాలా చట్టం చేసింది బాకీపడ్డవాణ్ణి ఊరడించడానికి కాదు. సరుకు అరువు తెచ్చుకుని ఇల్లు విడిచి పారిపోయేవాళ్ళ ఆస్తిని పట్టుకుని అప్పులవాళ్ళందరికీ పంచడానికి. బాకీదారుడే కోర్టుకు వెళ్ళి తలవంచే పద్ధతి ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది.

మన దేశంలో అంతకుముందు ఏముండేదంటే, ఒక కథ ఉంది. పదమూడో శతాబ్దం చివర్లో వెనీసు నుంచి వచ్చిన మార్కో పోలో మన తూర్పు తీరం చూశాడు. మోటుపల్లి రేవు రాజ్యంలో నేసిన సన్నబట్టను సాలెగూడుతో పోల్చినవాడు ఈయనే. ఆయనే దక్షిణాన పాండ్యుల తీరంలో చూసిన ఒక ఆచారం రాశాడు. బాకీదారుడు ఇదిగో అదిగో అని తిప్పుతూ ఉంటే, అప్పిచ్చినవాడు అదను చూసి అతని చుట్టూ నేల మీద గీత గీస్తాడు. ఇక బాకీ తీర్చేదాకా, లేదా తగిన హామీ ఇచ్చేదాకా అతను ఆ గీత దాటకూడదు. దాటితే దండన. ఒక పరదేశి వర్తకుడు సాక్షాత్తూ ఆ దేశపు రాజు చుట్టూ, గుర్రం మీద ఉండగానే గీత గీశాడట. రాజు గుర్రాన్ని అక్కడే ఆపి, వర్తకుడి సొమ్ము ముట్టాకే కదిలాడట.

మేము ఈ కథ చాలాసార్లు తలచుకుంటాం. రాజు నిజాయితీ బాగానే ఉంది. కానీ ఆ గీత ఎవరు గీశాడో వాడికే పనికొచ్చింది. అదే రాజు దగ్గర కూలి రావలసిన సాలెవాడు ఊళ్ళో ఉంటే అతని సంగతేమిటి? గుర్రం ముందు నిలబడే ధైర్యం అందరికీ ఉండదు కదా.

ధర్నా కూడా అట్లాంటిదే. ఇప్పుడు ధర్నా అంటే జెండాలు పట్టుకుని కలెక్టరాఫీసు ముందు కూర్చోవడం. పూర్వం అప్పిచ్చినవాడు బాకీదారుడి గుమ్మం ముందు అన్నం మానేసి కూర్చునేవాడు. తను పస్తుండి చస్తే ఆ పాపం నీకు చుట్టుకుంటుందని బెదిరింపు. 1860 నాటి శిక్షాస్మృతి 508వ సెక్షనులో దైవకోపం పేరు చెప్పి బెదిరించడం నేరమన్నారు. దానికిచ్చిన ఉదాహరణే గుమ్మం ముందు ధర్నా కూర్చోవడం. అట్లా ఆ దారి మూసుకుపోయింది.

తర్వాత మిగిలింది కోర్టు. దావా వెయ్యాలి, డిక్రీ తెచ్చుకోవాలి, జప్తు చేయించాలి. ఇందులో చిక్కేమిటంటే పరుగు పందెం. ప్లీడరుకు ఫీజు ఇవ్వగలిగినవాడు ముందు చేరతాడు. కలకత్తా, మద్రాసు, బొంబాయి పట్నాలకు 1828లోనే దివాలా చట్టం ఒకటి వచ్చింది, 1848లో ఇంకొకటి వచ్చింది. అందులో అఫీషియల్ అసైనీ అనే అధికారి ఆస్తి మొత్తం తన చేతిలోకి తీసుకుని పంచేవాడు. కానీ అది పట్నానికే. పట్నం పొలిమేర దాటితే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఒక అధ్యాయం ఉండేది అంతే. అందులో డిక్రీ చేతిలో ఉన్నవాడికే దారి. డిక్రీ లేని చిన్న అప్పులవాడు, అంటే మన బోటివాడు, దూరం నుంచి చూస్తూ నిలబడాల్సిందే.

ఇక్కడ మద్రాసు సంగతి చెప్పాలి. అప్పటి మద్రాసు రాజధాని అంటే తమిళ జిల్లాలే కాదు, సర్కారు జిల్లాలు, రాయలసీమ, బళ్ళారి, మలబారు, బరంపురం ఉన్న గంజాం దాకా అన్నిటికీ అదే రాజధాని. ఆ పట్నంలో పారీ, బిన్నీ, అర్బత్‌నాట్ అని మూడు పెద్ద దొరల కంపెనీలు ఉండేవి. అర్బత్‌నాట్ కంపెనీ వ్యాపారంతో పాటు బ్యాంకు కూడా నడిపేది. పెన్షనుదారులు, గుమాస్తాలు, చిన్న వర్తకులు, వితంతువులు తమ దాచుకున్న సొమ్ము అక్కడ వేసేవాళ్ళు. దొర కంపెనీ, దాని పెద్ద సర్ జార్జి అర్బత్‌నాట్, సర్ బిరుదు ఉన్నాయన, మునుగుతుందని ఎవరనుకుంటారు? లోపల మాత్రం కొన్నేళ్ళుగా డొల్ల. లండనులో దాని తోడు కంపెనీ పెద్ద మెక్‌ఫాడియన్ రైలు కింద పడి చనిపోయాడు. ఆ వెంటనే 1906 అక్టోబరు 22న అర్బత్‌నాట్ తలుపులు మూసుకున్నాయి. వేలమంది డిపాజిట్లు ఇరుక్కుపోయాయి.

ఆ సమయంలో డిపాజిటుదారుల తరఫున కోర్టులో పోరాడినవాళ్ళలో పెద్దపేరు వి. కృష్ణస్వామి అయ్యరుది. కంపెనీ ఆస్తి అసైనీ చేతికి పోయింది. సర్ జార్జి మీద కేసు నడిచి 18 నెలల కఠిన శిక్ష పడింది. దొరకు జైలు పడిందని జనం ఆశ్చర్యపోయారు గాని, జైలు వల్ల డిపాజిటుదారుడి చేతికి కాణీ రాదు. వచ్చేదేదో దివాలా పంపకంలోనే రావాలి. మన సొమ్ము మన చేతుల్లో ఉండాలని కృష్ణస్వామి అయ్యరు, ఇంకొందరు కలిసి 1907లో ఇండియన్ బ్యాంకు పెట్టారు. అది ఆ ఏడు ఆగస్టు 15న పని మొదలుపెట్టింది. మన సంఘాల్లో కొన్నింటి ఖాతాలు ఇప్పటికీ ఆ బ్యాంకులోనే ఉన్నాయి. దాని పునాది కింద ఒక దివాలా ఉందని ఎంతమందికి తెలుసు?

అదే 1907లో జిల్లాలకు కూడా ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం వచ్చింది. ఆ చట్టానికీ అర్బత్‌నాట్‌కూ ముడి ఉందని మేము అనడం లేదు, కాలం అట్లా కలిసింది. 1909లో పట్నాలకు కొత్త చట్టం చేశారు. 1907 చట్టాన్ని తిరగరాసి 1920లో ఇంకోటి తెచ్చారు. ఈ 1920 చట్టమే ఇన్నేళ్ళుగా మన జిల్లా కోర్టుల్లో, సబ్‌కోర్టుల్లో నడుస్తున్నది. మనవాళ్ళు ఐపీ అంటున్నది దీన్నే.

ఇది ఎట్లా పనిచేస్తుందో మాకు అర్థమైన మేరకు చెబుతాం.

బాకీదారుడి దగ్గర డబ్బు లేకపోతే చాలదు. అతను దివాలా చేష్ట ఒకటి చేసి ఉండాలి. అప్పులవాళ్ళకు దక్కకూడదని ఆస్తి ఇంకొకరి పేర రాయడం, ఒక్క అప్పులవాడికి మాత్రం దొడ్డిదారిన ముట్టజెప్పి మిగతావాళ్ళ నోట్లో మన్ను కొట్టడం, అప్పులవాళ్ళకు దొరక్కుండా ఇల్లు విడిచిపోవడం లేదా ఇంట్లోనే దాక్కోవడం, ఇక చెల్లింపులు ఆపేశానని అప్పులవాళ్ళకు కబురు పెట్టడం, డిక్రీ కింద ఆస్తి వేలం పోవడం, డిక్రీ కింద జైలుకు పోవడం, ఇవన్నీ అట్లాంటి చేష్టలు. తనే ఐపీ పెట్టుకోవడం కూడా ఒక చేష్టే. 6వ సెక్షనులో ఇవన్నీ ఉన్నాయి. చదువుతుంటే, 1920లో ఈ చట్టం రాసినాయన మా బజారులో పదేళ్ళు కాపురం చేసి రాశాడా అనిపించింది.

అట్లాంటి చేష్ట జరిగిన మూడు నెలల లోపల అప్పులవాడు పిటిషను వెయ్యాలి. బాకీ 500 రూపాయలైనా ఉండాలి. ఇక్కడే మనకు పనికొచ్చే మాట ఉంది. ఒక్కడికే 500 రావలసి ఉండాలని లేదు. ఇద్దరో ముగ్గురో ఇరవైమందో కలిసి ఒకే పిటిషను వేస్తే అందరి బాకీ కలిపి లెక్కపెడతారు. 1920లో 500 రూపాయలంటే మాటలు కాదు. ఒక నేతగాడికి అంత బాకీ ఎవరూ పడరు. కానీ ఒక వీధి నేతగాళ్ళందరికీ కలిపి పడతారు. చిన్నవాళ్ళు గుంపుగా రావచ్చని చట్టమే దారి విడిచిపెట్టింది. మనం ఆ దారిలో నడవలేదు, ఎందుకంటే అక్కడ దారి ఉందని ఎవరూ చెప్పలేదు.

పిటిషను విచారణకు వచ్చేలోపు సరుకు మాయమైపోతుందనుకుంటే కోర్టు మధ్యలోనే తాత్కాలిక రిసీవరును పెట్టవచ్చు. దివాలా అని తీర్పు అయిన క్షణం నుంచి బాకీదారుడి ఆస్తి అతనిది కాదు, కోర్టుది లేదా రిసీవరుది. ఆ తీర్పు పిటిషను వేసిన రోజు నుంచే లెక్క. ఇక ఏ అప్పులవాడూ కోర్టు అనుమతి లేకుండా విడిగా దావా వెయ్యకూడదు. అంటే పరుగు పందెం ఆగిపోయింది. మార్కో పోలో చూసిన గీత ఒక్కడి కోసం, ఈ గీత అందరి కోసం. రిసీవరు అందరి బాకీలూ జాబితా రాసి, ఆస్తి అమ్మి, ఖర్చులు తీసి, మిగిలింది దామాషా ప్రకారం పంచుతాడు. లక్ష ఇచ్చినవాడికి ఎంత శాతమో వెయ్యి ఇచ్చినవాడికీ అంతే శాతం. తాకట్టు ఉన్నవాడి సంగతి వేరు. అతను తన తాకట్టు వస్తువు మీద తన సొమ్ము రాబట్టుకుంటాడు.

53వ సెక్షను గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దివాలా అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పిటిషను వేసిన నాటికి వెనక రెండేళ్ళలో బాకీదారుడు ఆస్తి ఎవరికైనా రాసిచ్చి ఉంటే రిసీవరు దాన్ని రద్దు చేయించవచ్చు. నిజంగా డబ్బిచ్చి, మోసం తెలియకుండా కొన్నవాడికి భయం లేదు. పెళ్ళికి ముందు పెళ్ళి నిమిత్తం ఇచ్చినదానికీ మినహాయింపు ఉంది. కానీ బావమరిది పేర, అల్లుడి పేర రాసినవి తిరిగి వస్తాయి. రిసీవరు కదలకపోతే, బాకీ రుజువు చేసుకున్న అప్పులవాడు కోర్టు అనుమతి తీసుకుని తానే అడగవచ్చు. పంపకానికి మూడు నెలల ముందు కాదు, పిటిషనుకు మూడు నెలల ముందు ఒక్కడికే ముట్టజెప్పిన చెల్లింపును కూడా, పక్షపాతంతో చేసిందని తేలితే, రద్దు చెయ్యవచ్చు. ఆస్తి దాచినవాడికి ఏడాది వరకు జైలు.

ఇంకో వైపు కూడా చూడాలి. మనం ఎప్పుడూ అప్పిచ్చినవాళ్ళమే కాదు, చాలాసార్లు అప్పుపడ్డవాళ్ళం. షావుకారు దగ్గర నూలు అరువు తెచ్చుకుని, బట్ట అతనికే వేసి, పండక్కి చేబదులు తీసుకుని, కూతురి పెళ్ళికి ప్రోనోటు రాసినవాళ్ళం. మరి నేతగాడి మీదే ఐపీ వస్తే? మగ్గం పోతుందా?

పోదు. 1920 చట్టంలో, సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం జప్తు చెయ్యకూడని ఆస్తి రిసీవరు చేతికి పోదని ఉంది. ఆ కోడ్ 60వ సెక్షనులో మొదటి వరసలోనే కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పక్కబట్టలు, ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీంచి తియ్యరాని నగలు, అంటే తాళి, ఆ వెంటనే చేతిపనివాళ్ళ పనిముట్లు. మగ్గం, పన్నె, నాడె, రాట్నం అన్నీ దాని కిందికి వస్తాయి. కూలివాడి కూలి కూడా జప్తు చెయ్యకూడదు. మద్రాసు పట్నపు 1909 చట్టంలో మాత్రం పనిముట్లు, బట్టలు, పాత్రలు అన్నీ కలిపి 300 రూపాయల విలువ దాకానే అన్నారు. జిల్లా నేతగాడికి పనిముట్ల మీద ఆ కొలత లేదు. తన చేత్తో నేసేవాడి మగ్గం సంగతి ఇది. పది మగ్గాలు వేసి కూలికి నేయించేవాడు ఆ పదీ నా పనిముట్లే అంటే కోర్టు నమ్మడం కష్టమని మా ప్లీడరు నవ్వుతూ అన్నారు.

మన సమాఖ్యలో అన్ని రాష్ట్రాలవాళ్ళు ఉన్నారు కాబట్టి రెండు మాటలు. బరంపురం పట్టు నేతవాళ్ళు 1936 దాకా మద్రాసు రాజధానిలోనే ఉన్నారు గనక వాళ్ళదీ మాదీ ఒకే కోర్టు కథ. సోలాపూర్‌ది వేరే పాయ. 1875లో దక్కన్ రైతులు వడ్డీ వ్యాపారుల దస్తావేజులు తగలబెట్టాక, 1879లో పుణె, సాతారా, అహ్మద్‌నగర్, సోలాపూర్ జిల్లాలకు రైతు ఊరట చట్టం చేశారు. అందులో రైతుకు విడిగా దివాలా అధ్యాయమే పెట్టారు. అదే సోలాపూర్ గల్లీలో మగ్గం గుంటలో కూర్చున్న పద్మశాలి రైతు కాడు కాబట్టి అతనికి అది లేదు. మా మద్రాసులో 1938లో వచ్చిన రైతు రుణ ఊరట చట్టమూ అంతే, భూమి ఉన్నవాడికి. యానాంలో ఫ్రెంచివాళ్ళ వర్తక చట్టం నడిచిన రోజుల్లో దివాలా అనేది వర్తకుడికే చెల్లేది, చేతిపనివాడికి కాదు. అందరికీ ఏదో ఒక గొడుగు పట్టారు, నేతవాడు మాత్రం వానలోనే ఉన్నాడు. కాబట్టి మనకు మిగిలింది ఈ ఐపీ ఒక్కటే.

ఇక మా అనుభవం. మా ఊళ్ళో ఒక బట్టల వ్యాపారి ఉండేవాడు. పేరెందుకు. మా సంఘం దగ్గరా, విడిగా నేసే ముప్పైమంది దగ్గరా పంచెలు అరువు తీసుకునేవాడు. ప్రతి దీపావళికీ లెక్క తీర్చేవాడు. ఒక ఏడు ఆడి అమావాస్య నాడు కొట్టు తెరవలేదు. మూడో రోజుకు తెలిసింది, ఇంట్లోవాళ్ళతో సహా వెళ్ళిపోయాడని. మేము ఏం చేశాం? ఎదురుచూశాం. "దీపావళి సరుకు అమ్మి వస్తాను, గాభరా పడకండి" అని ఎవరి చేతనో కబురు పెట్టాడు. నమ్మాం. కోర్టుకెక్కితే మనిషి మరీ దూరమవుతాడని మా సంఘం పెద్దలన్నారు. మేమూ తలూపాం. దీపావళి వెళ్ళింది. కార్తీక పౌర్ణమి దాటాక ఒక ముసలి ప్లీడరు దగ్గరికి వెళ్ళాం.

ఆయన మొత్తం విని, కాగితం మీద తేదీలు రాసుకున్నారు. వాడు ఇల్లు ఎవరికి రాశాడు అని అడిగారు. రిజిస్ట్రారాఫీసులో వెతికిస్తే జ్యేష్ఠంలోనే ఒక పెద్ద ఫైనాన్సు ఆయనకు రాసేశాడని తేలింది. ఇల్లు రాయడం ఒక చేష్ట, ఊరు విడిచిపోవడం ఒక చేష్ట, కబురు పెట్టడం ఇంకో చేష్ట. మీరు ఆడి నెలలోనే వచ్చి ఉంటే అందరి చేతా ఒకే పిటిషను వేయించేవాణ్ణి, ఆ ఇల్లు అందరి పంపకంలోకి వచ్చేది అన్నారు. వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాం. ఇల్లు విడిచిన నాటి నుంచి నూట మూడు రోజులు. కబురు వచ్చిన తేదీ మాలో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు, ఎవరూ రాసిపెట్టలేదు. చేసేది లేక దావా వేశాం. నాలుగేళ్ళకు డిక్రీ వచ్చింది. అప్పటికి అతని పేర అమ్మడానికి ఏమీ లేదు. ఆ డిక్రీ కాగితం ఇప్పటికీ సంఘం బీరువాలో ఉంది. ఆ ఏడాది మా సభ్యుల్లో ముగ్గురు మగ్గం విప్పేసి తిరుప్పూరు బనియను కంపెనీలకు పనికి వెళ్ళారు. మళ్ళీ రాలేదు.

తర్వాత చాలా ఏళ్ళకు రెండో దెబ్బ తగిలింది. ఈసారి నూలు ఇచ్చి కూలికి నేయించే ఆసామి. సంఘంలో నూలు లేని రోజుల్లో మా సభ్యులు అతనికి నేసేవాళ్ళు. అతను తనే ఐపీ పెట్టుకున్నాడు. మంజ కడుదాసి వచ్చింది, కాని మాకు కాదు. అతను కోర్టుకిచ్చిన అప్పులవాళ్ళ జాబితాలో బ్యాంకు ఉంది, నూలు మిల్లు ఉంది, ఫైనాన్సువాళ్ళు ఇద్దరున్నారు. నేతగాళ్ళ పేరు ఒక్కటీ లేదు. అతని లెక్కలో మనది అప్పే కాదు.

ఈసారి మేము అరుగు మీద కూర్చోలేదు. వారం లోపల ప్లీడరు దగ్గర ఉన్నాం. జాబితాలో పేరు లేకపోతే ఏం, వచ్చి బాకీ రుజువు చేసుకోండి అన్నారు. ఒక్కొక్కరి చేతా అఫిడవిట్ రాయించాం. రిసీవరాఫీసులో గుమాస్తా ఒక ప్రశ్న అడిగాడు. వీళ్ళు కూలివాళ్ళా, కాంట్రాక్టర్లా అని. ఎందుకంటే 61వ సెక్షనులో ప్రభుత్వ బాకీలతో పాటు గుమాస్తాల, నౌకర్ల, కూలివాళ్ళ నాలుగు నెలల జీతం అందరికంటే ముందు ఇవ్వాలని ఉంది. మా ప్లీడరు గట్టిగా వాదించారు. నూలు అతనిది, డిజైను అతనిది, కొలత అతనిది, వీళ్ళవి చేతులు మాత్రమే, కూలివాళ్ళు కాకపోతే ఎవరు అని. అంత వాదించాక సెక్షను పూర్తిగా చదివితే, ఆ ముందు వరస మనిషికి మొత్తం 20 రూపాయల దాకానే. 1920లో కట్టిన వెల. ఆఫీసులో ఉన్న మేమందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఆయన కూడా నవ్వేశారు. మిగతాది దామాషాలో మిగతావాళ్ళతో పాటే.

ఇప్పుడు కంపెనీలకు 2016 నాటి కొత్త కోడ్ ఉంది. అందులో కార్మికుల 24 నెలల బాకీలకు, తాకట్టు ఉన్న అప్పులవాళ్ళతో సమానమైన వరస ఇచ్చారు. అది మంచిదే. కానీ సరుకు బాకీ పడ్డ కంపెనీ మీద పిటిషను వెయ్యాలంటే మొదట ఒక లక్ష చాలన్నది 2020 మార్చిలో ఒక కోటి చేశారు. మన సంఘాల్లో కోటి రూపాయలు ఒక్క కంపెనీ దగ్గర ఇరుక్కునేంత బట్ట ఎంతమంది నేస్తారు? ఇక మనం బట్ట వేసేది ఎక్కువగా కంపెనీలకు కాదు, మనుషులకు, సొంత కొట్లకు. వాళ్ళకు మాత్రం ఇది రాసేనాటికీ పాత 1920 చట్టమే.

ఆసామి కథకు వస్తాం. పద్నాలుగు నెలల ముందు అతను ఇల్లు బావమరిది పేర దానం రాసిచ్చాడు. రూపాయి చేతులు మారలేదు. రిసీవరు 53వ సెక్షను కింద అడిగాడు, కోర్టు ఆ దస్తావేజు రద్దు చేసింది. ఇల్లు వేలం అయింది. గోడౌను బ్యాంకు తాకట్టులో ఉంది గనక బ్యాంకు పట్టుకుపోయింది. ఖర్చులు పోను పంపకం జరిగేసరికి ఆరేళ్ళు పట్టింది. రూపాయికి 17 పైసలు చొప్పున వచ్చింది. ఎక్కువా తక్కువా అని అడిగితే, మొదటిసారి వచ్చిన సున్నా కంటే ఎక్కువ. బ్యాంకు మిగులు బాకీకి, మిల్లుకు, ఫైనాన్సు వాళ్ళకు కూడా అదే 17 పైసలు. మా సభ్యుల్లో ఒకామెకు, అప్పటికి భర్త పోయాడు, ఆ డబ్బు అతని పేర వచ్చింది. ఆమె తీసుకుని లెక్కపెట్టి, ఇది ఏ పంచెల తాలూకు అని మమ్మల్ని అడిగింది.

మేము రిసీవరాఫీసుకు తీసుకెళ్ళింది ముప్పైఎనిమిది మందిని. జాబితాకెక్కింది ముప్పైరెండు మంది. మిగతా ఆరుగురి దగ్గర చీటీ లేదు. నూలు తీసుకున్నప్పుడు రాయించుకోలేదు, బట్ట వేసినప్పుడు సంతకం తీసుకోలేదు. ఆసామి మంచివాడు, మా ఇంటి పెళ్ళికి వచ్చాడు, చీటీ అడిగితే ఏం బాగుంటుంది అనుకున్నారు. ఆ ఆరుగురిలో మా పెదనాన్న కొడుకు ఒకడు. ఆయన రెండు నెలలు మాతో మాట్లాడలేదు, మేమే పేరు ఎక్కించలేదని.

ఇప్పుడు మా సంఘంలో ఒక చిన్న పుస్తకం వేరేగా పెట్టాం. ఎవరికి బట్ట అరువిచ్చినా తేదీ, కొలత, వెల, తీసుకున్నవాడి సంతకం. కొట్టు మూసి ఉందని ఎవరైనా చెబితే చెప్పిన తేదీ కూడా అందులోనే రాస్తాం.